జాగ్రత్త: పాత డెస్క్‌టాప్‌కి ర్యామ్ కొనే ముందు ఇది చదవండి

సిస్టమ్ స్లో అయిందని ర్యామ్ వేయించడానికి బయల్దేరేవాళ్లు, ముఖ్యంగా ఇంటెల్ రెండో తరం, మూడో తరం ప్రాసెసర్లున్న, డీడీఆర్3 అనే పాత తరం ర్యామ్ వాడే డెస్క్‌టాప్‌లు ఇంకా వాడుతున్నవాళ్లు, డబ్బులు కట్టే ముందు రెండు నిమిషాలు ఆగి ఇది చదవండి. మా బాబాయికి జరిగింది ఇంకొకళ్లకి జరగకూడదని రాస్తున్నా.

బాబాయికి ఖమ్మంలో చిన్న డీటీపీ షాపు. పెళ్లి పత్రికలు తెలుగు టైపింగ్‌కి వాడే అనూ స్క్రిప్ట్‌తో పేజ్‌మేకర్‌లో, ఫ్లెక్సీలు ఫొటోషాప్‌లో. ఐ3 ప్రాసెసర్, హెచ్61 రకం మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, సిస్టమ్‌తో పాటు వచ్చిన హార్డ్ డిస్క్. పెళ్లిళ్ల సీజన్‌లో గిరాకీ నిలబడి ఉంటే ఫొటోషాప్ తెరుచుకోదు, సేవ్ కొడితే కదలదు, ఆయన టెన్షన్ చూడలేం. కంప్యూటర్ షాపుకి వెళ్లి అడిగితే ఆ కుర్రాడు, “ర్యామ్ తక్కువుందన్నా, 8 జీబీ ఒకటి ఏస్తే ఇంక చూస్కోనక్కర్లేదు” అన్నాడట. ప్రాసెసర్ ఏంటి, ఏ విండోస్, ఏ సాఫ్ట్‌వేర్లు వాడతావు, ఒక్క ప్రశ్న అడగలేదు. పేరున్న కంపెనీ స్టిక్కర్ ఉన్న ర్యామ్ ఒకటి కవర్లో పెట్టి ఇచ్చాడు. బిల్లు అడిగితే “జీఎస్టీ బిల్లు కావాలంటే 18 శాతం ఎక్కువవుద్ది” అని చీటీ మీద రేటు మాత్రం రాసిచ్చాడు. వారంటీ ఏదంటే, ర్యామ్ మీద నెల, సంవత్సరం రాసిన చిన్న కాగితం స్టిక్కర్ చూపించాడు.

ఇంటికొచ్చి పెడితే బీప్ బీప్‌మని మోత, డిస్‌ప్లే రాదు. రెండో స్లాట్‌లో పెట్టినా అంతే. మళ్లీ షాపుకి తీసుకెళ్తే ఈసారి మాట మారింది: ర్యామ్ బాగానే ఉంది, మీ మదర్‌బోర్డే పోయింది, బోర్డూ ప్రాసెసరూ మార్చుకోండి, పాతది ఎక్స్ఛేంజ్‌లో తీసుకుంటా అని. ఇక్కడే అందరూ గట్టిగా గుర్తుపెట్టుకోండి. కొత్త ర్యామ్ తీసేసి పాత 4 జీబీ ర్యామ్ పెడితే, అదే బోర్డు, అవే రెండు స్లాట్లు, శుభ్రంగా ఆన్ అవుతోంది. బోర్డు పోతే అదెలా పనిచేస్తుంది? బాబాయి ఆ మాట అడిగితే “కొత్త ర్యామ్ లోడ్ తీసుకోలేకపోతోందన్నా” అన్నాడు. అలాంటి లోడ్ ఏదీ లేదు. అమాయకంగా కనిపించినవాళ్లకి ఇంకో పెద్ద ఖర్చు అంటగట్టడానికి చెప్పే మాట అది.

ఆ ర్యామ్ నేను చేతిలోకి తీసుకుని వెలుతురులో చూశాను. కింద బంగారు రంగు కాంటాక్టుల మీద నిలువు గీతలున్నాయి, అంటే ఇదివరకే ఏదో స్లాట్‌లో పెట్టి తీసినది. కంపెనీ స్టిక్కర్ ఒక అంచు లేచి ఉంది, దాని కింద పాత జిగురు మరక. ఒక వైపు చిప్స్ మీద అక్షరాలు ఒక రకంగా, రెండో వైపు ఇంకో రకంగా ఉన్నాయి. మా ఫ్రెండ్ దగ్గర పాత ఏఎండీ (ఇంటెల్‌లాగే ప్రాసెసర్లు చేసే ఇంకో కంపెనీ) డెస్క్‌టాప్ ఉంటే అందులో పెట్టి చూశాం. మొత్తం 8 జీబీ చూపించింది!

డీడీఆర్3లో “ఏఎండీ ఓన్లీ” ర్యామ్‌లని ఒక రకం చవగ్గా దొరుకుతుంది. వాటిలో వాడే చిప్స్ అమరిక వేరు. ఆ కాలపు కొన్ని ఏఎండీ బోర్డులు వాటిని చదువుతాయి, మామూలు ఇంటెల్ డెస్క్‌టాప్ బోర్డులు చదవవు. సైజు అదే, 240 పిన్నులూ అవే, గాడి అదే చోట ఉంటుంది, కాబట్టి స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది, కంటికి తేడా తెలియదు. హెచ్61 బోర్డు మామూలు 8 జీబీ ర్యామ్‌ని హాయిగా తీసుకుంటుంది, రెండు స్లాట్లకి కలిపి 16 జీబీ దాకా. అంటే తప్పు బోర్డుది కాదు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు వివరాల్లో ఎక్కడో చివర్న “ఫర్ ఏఎండీ” అని ఉందేమో చూడండి. షాపులో కొంటే మీ బోర్డులోనే పెట్టి, ఆన్ చేసి చూపించమనండి. అందుకు ఒప్పుకోని షాపులో కొనొద్దు.

అసలు బాధేంటంటే, ఆ ర్యామ్ పనిచేసినా బాబాయికి పైసా ఉపయోగం ఉండేది కాదు. ఆయనది 32-బిట్ విండోస్ 10. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ నొక్కితే 4 జీబీ అని చూపించి పక్కనే అందులో వాడుకోదగింది మూడు చిల్లర జీబీ అని చూపిస్తోంది. మనం వాడే 32-బిట్ విండోస్ 4 జీబీ దాటి వాడుకోలేదు, పైన ఎంత పెట్టినా వృథా. అమ్మేవాడు చూస్తే పది సెకన్లలో తెలిసే సంగతి ఇది.

అందుకే ముందు మీకు ర్యామ్ నిజంగా తక్కువైందా అన్నది మీరే చూసుకోండి. రోజూ చేసే పనంతా తెరిచి పెట్టుకుని, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ 90 శాతం దాటి అక్కడే కూర్చుంటే ర్యామ్ తక్కువైనట్టే. మెమరీ సగంలో ఉండి డిస్క్ మాత్రం 100 శాతం కొట్టుకుంటుంటే మీ జబ్బు హార్డ్ డిస్క్, ర్యామ్ కాదు. బాబాయి సిస్టమ్‌లో పేజ్‌మేకర్ మాత్రమే నడిచేటప్పుడు మెమరీ సగం దగ్గరే, డిస్క్ మాత్రం 100. పెద్ద ఫ్లెక్సీ ఫైలు తెరిచినప్పుడే మెమరీ నిండుతోంది. ముందు హార్డ్ డిస్క్ బదులు, దానికన్నా చాలా వేగంగా పనిచేసే సాటా ఎస్ఎస్‌డీ వేయించాం, 64-బిట్ విండోస్ ఎక్కించాం, ఆ తర్వాతే ఇంకో షాపులో బిల్లుతో, బోర్డులో పెట్టి చూసుకుని, మామూలు 4 జీబీ ర్యామ్ కొన్నాం. సిస్టమ్ ఆన్ అయ్యే తీరే మారిపోయింది, అందులో ఎక్కువ పుణ్యం ఎస్ఎస్‌డీదే. మెమరీ మీద ఏ కాస్త అనుమానమున్నా ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రామ్ మెమ్‌టెస్ట్86 ఒక రాత్రంతా నడిపి చూడండి, అది ఉచితం.

ఇంకో మాట. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, ఈ పాత ప్రాసెసర్లు విండోస్ 11 జాబితాలో లేవు. కాబట్టి ఇలాంటి సిస్టమ్ మీద పెద్ద మొత్తం పెట్టకండి. పైగా ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివర్లో ర్యామ్ రేట్లు బాగా పెరిగాయి. మార్కెట్ రేటు కన్నా బాగా తక్కువకి “కొత్తది” అని ఎవరైనా ఇస్తుంటే తప్పకుండా అనుమానించండి.

ఇక డబ్బుల సంగతి. ఆ షాపువాడు “అమ్మిన సరుకు వెనక్కి తీసుకోం” అంటున్నాడు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమూ, లోపమున్న సరుకు వెనక్కి తీసుకోకపోవడమూ రెండూ అనుచిత వ్యాపార పద్ధతులే. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోవాలని చట్టంలోనే ఉంది. అతను రాసిచ్చిన చీటీ, ఫోన్‌పే చెల్లింపు స్క్రీన్‌షాట్, ర్యామ్ రెండు వైపులా ఫొటోలు, బీప్ మోత వినిపించే వీడియో అన్నీ దాచిపెట్టాం. నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాం, ఇంకా తేలలేదు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం, 5 లక్షల లోపు సరుకుకి ఫీజు కూడా ఉండదు.

మీలో ఎవరైనా ఈమధ్యే డీడీఆర్3 8 జీబీ ర్యామ్ కొని, డిస్‌ప్లే రాక, బోర్డు పోయిందన్న మాట విని ఉంటే, బోర్డు మార్చకండి. పాత ర్యామ్ ఒక్కటే పెట్టి ఆన్ చేసి చూడండి. ఆన్ అయితే ఈరోజే ఆ ర్యామ్ పట్టుకుని షాపుకి వెళ్లండి, 30 రోజులు దాటనివ్వకండి.