అమ్మమ్మగారింటికి పిల్లల్ని ఎప్పుడు పంపాలి: సంక్రాంతికా, వేసవికా?

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్ళలో ఏడాదికి రెండుసార్లు ఊరెళ్ళడం కుదిరే పని కాదు. ఒక్కటే ఎంచుకోవాలంటే ఎక్కువమంది సంక్రాంతి అనే అంటారు. మా అమ్మావాళ్ళది కోనసీమ. చిన్నప్పుడు నాకు రెండు సెలవులూ అక్కడే గడిచాయి. ఇప్పుడు నా పిల్లల కోసం ఆలోచిస్తే మాత్రం వేసవికే మొగ్గుతాను.

సంక్రాంతిని తక్కువ చేయడం లేదు. హరిదాసు తల మీది అక్షయపాత్రలో చిన్నవాళ్ళ చేత దోసెడు బియ్యం పోయించడం, డూడూ బసవన్న తలూపడం, తెల్లారగట్ల భోగిమంట... ఇవి మే నెలలో ఎక్కడినుంచి తెస్తాం? మా వైపు కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం ఉంటుంది. పదకొండు ఊళ్ళ రుద్రులు, అంటే ఆ ఊళ్ళ శివుళ్ళు, ప్రభలెక్కి (వెదురుతో కట్టి రంగుబట్టలతో అలంకరించే ఎత్తైన చట్రాలివి) గుడే లేని ఒక కొబ్బరితోటకు చేరుకుంటారు. గంగలకుర్రు ప్రభలను పీకల్లోతు నీళ్ళలో కౌశిక నది దాటిస్తారు. ‘అశ్శరభ శరభ’ అంటూ ఆ ఎత్తైన ప్రభను ఒక్క పక్కకీ ఒరగనీయకుండా భుజాల మీద అవతలి గట్టుకి చేరుస్తుంటే చూస్తున్నవాళ్ళకి ఊపిరాడదు. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటంగా నడిచింది ఈ తీర్థమే. జన్మకొక్కసారైనా పిల్లలు చూసి తీరాలి.

అయితే సంక్రాంతిలో అమ్మమ్మ దొరకదు. అసలు చిక్కు అదే. ఇల్లంతా చుట్టాలు, అల్లుళ్ళకు మర్యాదలు. అరిసెల పాకం ముదిరిపోతుందేమోనని ఆవిడ కళ్ళు పొయ్యి మీదే ఉంటాయి. నీళ్ళలో వేసిన పాకం చుక్క ఉండ కట్టిందో లేదో చూసుకుంటూ, ‘ఇటు రాకండర్రా, నూనె కాగుతోంది’ అని కేకేస్తుంది. భోగి పిడకల దండ కూడా ధనుర్మాసమంతా ఆవిడ ఒక్కతే తట్టి ఎండబెట్టి ఉంచిందే. పండక్కి రెండ్రోజుల ముందు దిగిన మనవలకు దాన్ని మంటలో వేయడమొక్కటే మిగులుతుంది. ఇక తిరుగు ప్రయాణం. కనుమ నాడు కాకి కూడా కదలదని సామెత. ఇప్పుడు ఆ సాయంత్రానికే సంచులు సర్దేస్తున్నాం, మర్నాడు ఆఫీసు కదా. కారులో వస్తే హైదరాబాద్ దారిలో పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు. రైలులో అయినా అమలాపురం దాకా పట్టాలే లేవు, రాజమండ్రిలో దిగి బస్సెక్కాలి. రానూపోనూ పోగా పండగ మిగిలేది మూడు రోజులు.

కోడిపందేల బరి దగ్గరికి మాత్రం పిల్లల్ని తీసుకెళ్ళకండి. చట్టం వద్దంటున్నది అటుంచి, కత్తి కట్టిన కోడి చావు చూడ్డం పసివాళ్ళకు అవసరం లేదు.

వేసవిలో ఇంత సందడి ఉండదు. ఉండేదల్లా తీరిక. ఏప్రిల్ 24న మొదలైతే జూన్ 11 దాకా సెలవులు. పైగా పల్లెకు కూడా అది పని తగ్గే కాలం. దాళ్వా (రెండో పంట వరి) కోతలవుతాయి, కాలువలకు నీళ్ళు కట్టేస్తారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ మా ఊళ్ళ పంచాంగం ఈ కాలువల రాకపోకలే. కాలువ కట్టేశాక దాని అడుగున నడవడం ఎంత వింతగా ఉండేదో! నిన్నటిదాకా పడవంత లోతున్న చోట చెప్పులు చేత్తో పట్టుకుని తిరిగేవాళ్ళం. గుంటల్లో మిగిలిన నీళ్ళలో చేపపిల్లలు కొట్టుకునేవి, ఒండ్రులో ఆల్చిప్పలు దొరికేవి. వాటిని ఏరుకుంటూ తాతయ్య వెనకాల పక్క ఊరి దాకా వెళ్ళిపోయేవాళ్ళం.

ఆవకాయ రోజు చూడండి. అరిసెల దగ్గర పనికిరాని పిల్లలే ఇక్కడ అందరికంటే ముందు కావాలి. మావయ్య కత్తిపీట మీద టెంకతో సహా కాయ కొడుతుంటే, జీడి తీసేసి, టెంకకు అంటుకున్న పల్చటి పొరను చెంచాతో గీకి, పొడిగుడ్డతో తుడవడం మా పని. ఒక్క తడి చెయ్యి తగిలినా ఏడాది పచ్చడి పోతుందని అమ్మమ్మ ప్రతి ముక్కా చూసేది. అన్నీ జాడీల్లోకి ఎత్తేశాక ఆ బేసినులో వేడన్నం వేసి కలిపి వరసగా ముద్దలు పెట్టేది. నాకు ఆవిడ చేతుల గుర్తు అరిసెలతో లేదు, ఆ ముద్దలతో ఉంది. రాత్రి వాకిట్లో నులకమంచాలు వాల్చాక తాతయ్య మాటలు మొదలయ్యేవి. మా అమ్మ చిన్నప్పటి అల్లరి నాకు తెలిసింది అక్కడే. చుట్టాలతో నిండిన పండగ ఇంట్లో ఆ మాటలకు చోటేదీ?

తిండి విషయంలో తేగలు, రేగిపళ్ళు, చెరుకు జనవరివి; ముంజలు, పనస తొనలు, కొత్తపల్లి కొబ్బరి మామిళ్ళు మే నెలవి. దీని మీద పెద్ద వాదన అక్కర్లేదు, మామిడి దగ్గర మే నెలే గెలుస్తుంది.

వేసవికి ఉన్న పెద్ద లోపం ఎండ. సముద్రం దగ్గరవడంతో కోనసీమలో ఉక్క మరీ ఎక్కువ. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ కార్తె మే ఆఖరి వారంలో వస్తుంది. అందుకే సెలవులివ్వగానే పంపి, అది రాకముందే వెనక్కి తెచ్చేసుకోవడం మంచిది. చెరువులకీ గోదావరి రేవులకీ పెద్దవాళ్ళు తోడు లేనిదే పంపకూడదు, ఈత వచ్చినా సరే. డెబ్బై ఏళ్ళావిడ మీద నలుగురు పిల్లల్ని వదిలేయడమూ అన్యాయమే. అక్కో, పిన్నో వంతుల వారీగా ఒకరు ఉండాలి.

ఇదంతా కాస్త ఊహ తెలిసిన పిల్లల మాట. అయిదేళ్ళ లోపు వాళ్ళుంటే సంక్రాంతికే వెళ్ళండి. భోగిపళ్ళు పోయించుకునే వయసు దాటితే మళ్ళీ రాదు. తెలంగాణ వైపు వాళ్ళకైతే ఈ రెండింటికంటే దసరాయే నయం. సెలవులు సంక్రాంతికంటే ఎక్కువ, ఎండ బాధ లేదు, ఊళ్ళో తొమ్మిది రోజులూ బతుకమ్మే. అమెరికా పిల్లలకు బడి సెలవులు జూన్, జులైల్లో గనక ఆవకాయ దాటిపోతుంది. కానీ అప్పటికి కాలువలకు నీళ్ళొచ్చి నాట్లు పడుతుంటాయి. వాళ్ళకి వానాకాలపు పల్లె దక్కుతుంది, అదీ తక్కువేం కాదు.