క్వైట్‌కి బికినీ, ది ఎండ్‌కి కోటు

మెటల్ గేర్ సాలిడ్ వీడియో గేమ్ సిరీస్‌లోని స్నైపర్లలో ఇద్దరిని చూద్దాం. 2015లో వచ్చిన ఐదో ఆటలో క్వైట్ అనే అమ్మాయి. 2004 నాటి మూడో ఆటలో వందేళ్లు దాటిన ముసలాయన, ది ఎండ్. ఇద్దరికీ సూర్యకాంతే శక్తి.

క్వైట్ చర్మంతోనే ఊపిరి పీలుస్తుందట, అందుకే యుద్ధభూమిలో బికినీ, చిరిగిన టైట్స్. అసలు కారణం తెలిస్తే విమర్శించినవాళ్లే సిగ్గుపడతారని దర్శకుడు కొజిమా 2013లో ట్వీట్ చేశాడు. సరే, ఆ కారణం ముసలాయనకెందుకు వర్తించలేదు? ఆయన ఒంటి నిండా బట్టలతో, భుజాన చిలుకతో హాయిగా ఎండ కాచుకుంటాడు. పైగా ఆయన దగ్గర దొరికే నాచు రంగు యూనిఫాం వేసుకుంటే మనం ఆడించే హీరో స్నేక్‌కి కూడా ఎండలో శక్తి పెరుగుతుంది. అంటే ఆ లోకంలో బట్టలు ఎండకి అడ్డు కాదన్నమాట!

కెమెరా సంగతి మరీను. హెలికాప్టర్‌లో క్వైట్ వంగి ఒళ్లు విరుచుకుంటుంటే దగ్గరికెళ్లి చూపిస్తుంది. ముసలాయన మీద దానికి అంత ఆసక్తి లేదు.

2001 నాటి రెండో ఆటలో హీరో రైడెన్‌ని పూర్తి నగ్నంగా పరిగెత్తించారుగా అంటారు కొందరు. నిజమే, కానీ అది కామెడీ. పాపం, చేతులు అడ్డం పెట్టుకునే వీలైనా అతనికిచ్చారు.