ఎర్ర ప్లేటు: రెండేళ్లు వాడాక నా మాట

మా అత్తయ్యకు అల్జీమర్స్. రెండేళ్ల క్రితం ఆవిడ తిండి బాగా తగ్గింది, సగం తిని చెయ్యి తీసేసేవారు. ఆకలి లేదేమో అనుకుని బతిమాలేవాళ్లం, ఒక్కోసారి విసుక్కున్నాం కూడా, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. తెల్ల ప్లేటులో తెల్లగా ఉన్న ముద్ద ఆవిడకి సరిగా కనిపించడం లేదని అప్పుడు మాకు తెలియదు.

ఆ టైమ్‌లో కొన్నదే ఈ ఎర్ర ప్లేటు. ఒకవైపు ఎత్తైన అంచు, అడుగున ప్లేటు జరగకుండా టేబుల్‌కి అతుక్కునే రబ్బరు సక్షన్. మొదటి వారంలోనే తేడా తెలిసింది, ప్లేటులో ఏముందో చూసుకుని ఆవిడే తినడం మొదలుపెట్టారు. 2004లో వచ్చిన బోస్టన్ యూనివర్సిటీ అధ్యయనంలో, వ్యాధి ముదిరిన 9 మందికి తెల్లవాటి బదులు ముదురు ఎరుపు పాత్రల్లో పెడితే తిండి 25 శాతం, ద్రవాలు 84 శాతం ఎక్కువ తీసుకున్నారు. ముదురు నీలం కూడా పనిచేసింది, లేత రంగులు చేయలేదు. అంటే ఎరుపు అనే కాదు, తిండికీ ప్లేటుకీ రంగు తేడా కొట్టొచ్చినట్టు ఉండాలి. ఎర్రటి పదార్థం ఇందులో పెడితే మళ్లీ కనిపించదు, అందుకే తర్వాత నీలంది ఇంకోటి కొన్నాను.

అంచు చాలా బాగుంది, స్పూన్‌తో అటు నెడితే పదార్థం దానంతటదే స్పూన్‌లోకి ఎక్కుతుంది, కింద పడేది బాగా తగ్గింది. స్పూన్ పట్టుకుని ఏం చేయాలో తోచక కూర్చుండిపోయిన రోజు ఆవిడ చేతి కింద నా చెయ్యి పెట్టి రెండు ముద్దలు నోటిదాకా తీసుకెళ్తాను, మూడోది ఆవిడే తినేస్తారు. టీవీ ఆపేసి, టేబుల్ మీద ఇంకేమీ లేకుండా, ఒకసారికి ఒకే పదార్థం పెట్టి, పక్కన నేనూ తింటూ కూర్చుంటేనే ఇదంతా. ప్లేటు ఇచ్చేసి వంటింట్లోకి వెళ్లిపోయిన రోజు పాత కథే.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. ఈ మధ్య తింటుంటే దగ్గు రావడం, ముద్ద బుగ్గన పెట్టుకుని ఉండిపోవడం మొదలైంది. దానికి ఏ ప్లేటూ పనికిరాదు. తిండి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు, వెంటనే డాక్టర్‌కి చూపించండి. మాకు స్పీచ్ థెరపిస్ట్ మింగడం పరీక్షించి, తిండి ఎంత మెత్తగా ఉండాలో చెప్పారు.

సక్షన్ నున్నటి టేబుల్ మీదే పట్టుకుంటుంది, గుడ్డ పరిస్తే అసలు పట్టదు. ఎనిమిది నెలలకి వదులైపోయింది కూడా. అడుగు కాస్త తడి చేసి నొక్కితే భోజనం అయ్యేదాకా ఆగుతోంది. ఐదుకి నాలుగు ఇస్తాను, తీసేసిన ఆ ఒక్కటీ సక్షన్‌కే.