సూళ్లూరుపేటలో దిగితేనే పులికాట్

నెల్లూరు-చెన్నై హైవే మీద దొరవారిసత్రం బోర్డు చూస్తూ దాటిపోయేవాళ్లే ఎక్కువ. ఈ దారి పాత కథ ఆ పేరులోనే ఉంది. కాలినడకన, ఎడ్ల బండ్ల మీద పోయేవారికి అప్పట్లో రాత్రి బస సత్రమే. తర్వాత పడవల కాలం వచ్చింది. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్విన ఉప్పు కాలువ మెల్లగా ఉత్తరానికి సాగి పులికాట్ సరస్సులోంచే పోయింది. 1877-78 కరువు పనులతో పూర్తయ్యాక దానికి బకింగ్‌హామ్ కాలువ అని పేరు పెట్టారు. 1899లో రైలు వచ్చింది, పడవలు తగ్గాయి. ఆ తర్వాత హైవే. ఒక్కో కొత్త దారి వచ్చినకొద్దీ బాటసారికి సరస్సు కంటికి దూరమైంది. షార్ (శ్రీహరికోటలోని ఇస్రో రాకెట్ కేంద్రం) రోడ్డు ఒక్కటే దగ్గర చేసింది.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే ఆ రోడ్డు నీళ్ల మధ్యలోంచే సాగుతుంది. రాజహంసలను, అంటే ఫ్లెమింగోలను చూడటానికి ఇంతకన్నా మంచి చోటు లేదు, టికెట్టూ లేదు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, ఉదయం తొమ్మిది లోపు రావాలి. చలికాలంలో ఎండ దక్షిణం నుంచి పడుతుంది కాబట్టి రోడ్డుకు ఉత్తరం వైపు చూస్తే రంగు బాగా తెలుస్తుంది. హంసలు లోతు తక్కువ నీళ్లలోనే మేస్తాయి. ఈశాన్య వానలు మరీ ఎక్కువైనా, మొహం చాటేసినా అవి వేరే మడుగులకు తరలిపోతాయి. మే నెలలో వస్తే కనిపించేది పగుళ్లిచ్చిన ఉప్పు నేల. రోడ్డు కోసం వేసిన కట్ట నీళ్ల రాకపోకలకు అడ్డుపడటం కూడా ఉత్తర భాగం ఎండిపోవడానికి ఒక కారణం. చూపించిన రోడ్డే చెరిపేస్తోందన్నమాట! దారిలో అటకానితిప్ప దగ్గర అటవీ శాఖ కేంద్రం ఉంది, కాసేపు ఆగొచ్చు. షార్ గేటు దగ్గర కెమెరా బయటికి తీయకండి.

పిల్లలతో వెళ్లేవారికి దొరవారిసత్రం దగ్గరి నేలపట్టు మేలు. చెరువులోని కణప చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు గూళ్లు కడతాయి. అక్టోబరు నుంచి మార్చి దాకా సందడి. బైనాక్యులర్స్ లేకపోతే సగం చూసినట్టే. పడవ షికారు కావాలంటే తడ దగ్గరి భీమునివారిపాళెం. అయితే సరస్సు లోతే తక్కువ, నీరు తగ్గితే పడవ నేలకు తగులుతుంది. ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

బసకు సూళ్లూరుపేట లాడ్జీలే దిక్కు. సరస్సు ఒడ్డున రిసార్టు ఊహించుకుని రావద్దు. చెన్నై నుంచి ఇక్కడిదాకా సబర్బన్ రైళ్లున్నాయి కాబట్టి పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోవడమే తెలివైన పని. ఫ్లెమింగో ఫెస్టివల్ రోజుల్లో బస్సులు, స్టాళ్లు ఎక్కువ, పక్షుల దగ్గర ప్రశాంతత తక్కువ. రాకెట్ ప్రయోగం ఉంటే గదులు దొరకవు. 2019లో తెరిచిన వీక్షణ గ్యాలరీకి ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, గుర్తింపు కార్డు వెంట ఉండాలి. ప్రయోగం వాయిదా పడటం మామూలే, తిరుగు టికెట్టు ముందే కొనుక్కోకండి.

ఇంకో పొరపాటు జరుగుతూ ఉంటుంది. ఫోన్ మ్యాపులో పులికాట్ అని కొడితే అది తమిళనాడులోని పళవేర్కాడుకు తీసుకెళ్తుంది. అక్కడ డచ్చివారి సమాధులు చూడదగ్గవే, కానీ అది సరస్సుకు దక్షిణపు కొస. హంసల కోసం బయల్దేరినవారు సూళ్లూరుపేట అని కొట్టాలి.