నవ్వుకూ చోటిచ్చే సహాయ బృందం

ఆత్మీయులను పోగొట్టుకున్నవారి కోసం ఆన్‌లైన్‌లో నడిచే ఒక సహాయ బృందంలో, మా అన్నయ్య పోయిన తరువాత చేరాను. అక్కడి సలహాదారు ఎవరినీ నవ్వమని అడగరు. పోయినవారి గురించి చెప్పమంటారు, నవ్వు వస్తే దానిని ఆపరు. ఒకావిడ తన భర్త ఇంట్లోని స్విచ్‌లన్నింటికీ ముత్యాల్లాంటి అక్షరాలతో చీటీలు రాసి, ఫ్యాన్‌ది లైటుకూ లైటుది ఫ్యాన్‌కూ అంటించారనీ, వాటిని మార్చడానికి ఇప్పటికీ తనకు మనసొప్పడం లేదనీ చెబుతూ ఫక్కున నవ్వారు, కళ్లు తుడుచుకున్నారు, మళ్లీ నవ్వారు. ఆ కాసేపు ఆయనను మేమందరం ఎరిగినట్లే అనిపించింది.

మనస్తత్వ శాస్త్రవేత్తలు డాకర్ కెల్ట్‌నర్, జార్జ్ బొనానో 1997లో ప్రచురించిన అధ్యయనంలో, జీవిత భాగస్వామి మరణించిన 6 నెలలకు వారి గురించి మాట్లాడుతూ మనసారా నవ్వగలిగినవారిలో వేదన తక్కువగా కనిపించింది. నవ్వే బాధను తగ్గించిందని దీనితో రుజువు కాదు గానీ, సంతాపంలో నవ్వడం తప్పన్న జంకు పోవడానికి ఇది చాలు.

ఒక సమావేశంలో మాత్రం వేరొక నిర్వాహకుడు వ్యాయామం పేరిట అందరి చేతా బలవంతాన నవ్వించబోగా, ఇటీవలే బిడ్డను పోగొట్టుకున్న తండ్రి కెమెరా ఆపేసుకున్నారు. మేము అభ్యంతరం చెప్పాక ఆ వ్యాయామాన్ని తీసివేశారు.

లోలోపలే కుమిలిపోతున్నవారికి ఈ బృందాన్ని మనస్ఫూర్తిగా సూచిస్తాను. బతకాలన్న ఆశే సడలినవారు ముందుగా వైద్యులను కలవాలని నిర్వాహకులే మొదటి రోజు స్పష్టంగా చెబుతారు.