బుక్‌మార్కులు అన్ని కంప్యూటర్లలో: ఫైర్‌ఫాక్స్ సింకా, ఫ్లాకసా?

ఇంట్లో, ఆఫీసులో, ల్యాప్‌టాప్‌లో వాడేది ఫైర్‌ఫాక్స్ ఒక్కటే అయితే దాని సొంత సింక్ (అన్ని కంప్యూటర్లలో బుక్‌మార్కులను ఒకేలా ఉంచే సదుపాయం) చాలు. అకౌంట్‌తో లాగిన్ అయితే పని అయిపోయినట్టే. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా కూడా చదవలేని విధంగా డేటా ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తుంది.

ఆఫీసులో క్రోమ్, ఇంట్లో ఫైర్‌ఫాక్స్ అయితేనే చిక్కు. ఒకప్పుడు దీనికి ఎక్స్‌మార్క్స్ అనే సర్వీసు ఉండేది, 2018 మేలో మూతపడింది. ఇప్పుడు ఫ్లాకస్ ఆ పని చేస్తోంది. ఇది ఓపెన్ సోర్స్ ఎక్స్‌టెన్షన్. నెక్స్ట్‌క్లౌడ్ (సొంత సర్వర్‌లోనూ నడుపుకోగల క్లౌడ్ స్టోరేజ్), వెబ్‌డావ్ (సర్వర్‌లో ఫైళ్లు దాచే ఒక పద్ధతి), గూగుల్ డ్రైవ్‌లలో మీకు నచ్చినచోట బుక్‌మార్కులు దాస్తుంది. మొదట్లో సెట్ చేసుకోవడానికి కాస్త ఓపిక కావాలి. పైగా దీనితో పాటు బ్రౌజర్ సొంత సింక్ కూడా ఆన్‌లో ఉంచితే డూప్లికేట్ల గోల మొదలవుతుంది. బుక్‌మార్కుల వరకైనా బ్రౌజర్ సింక్‌ను ఆపేయాలి.

రెండింటిలో ఏదీ బ్యాకప్ కాదు. ఒకచోట ఫోల్డర్ డిలీట్ చేస్తే అన్నిచోట్లా పోతుంది. ఇక్కడ మాత్రం ఫైర్‌ఫాక్స్‌దే పైచేయి: కంట్రోల్, షిఫ్ట్, ఓ కలిపి నొక్కి, ‘ఇంపోర్ట్ అండ్ బ్యాకప్’లో ‘రీస్టోర్’ చూస్తే అది తనంతట తాను దాచిన పాత కాపీలు తేదీలవారీగా కనిపిస్తాయి. టెన్షన్ సగం తగ్గుతుంది.

నా ఓటు? బ్రౌజర్ ఒక్కటే అయితే సింక్, రెండైతే ఫ్లాకస్.