కమాను కత్తా, స్టెయిన్‌లెస్ కత్తా?

నా బీరువాలో చేత్తో చేసిన వేటకత్తులు రెండున్నాయి. వేటకు కాదు లెండి, వన్యప్రాణి చట్టం వచ్చాక ఆ ముచ్చట ఎప్పుడో తీరింది.

ఒకటి విజయవాడ ఆటోనగర్‌లో దొరికిన లారీ కమాను పట్టీని (చక్రాల పైన బరువు మోసే స్ప్రింగు ఉక్కు పట్టీ) కమ్మరి సాగగొట్టింది, పిడి నల్లతుమ్మ. రెండోది 440సి అనే రకం స్టెయిన్‌లెస్ ఉక్కు, పిడి ఇరుగుడు (రోజ్‌వుడ్) కర్ర. ఈ ఉక్కులో క్రోమియం 16–18 శాతం, కృష్ణ ఒడ్డు ఉక్కపోతకు సులువుగా మచ్చపడదు. కమానుదానికి వానాకాలంలో కొబ్బరినూనె రాయకపోతే మూడోరోజుకే ఎర్రచుక్కలు. తోలు ఒరలో వదిలేస్తే ఇంకా తొందరగా!

అయినా సానరాయి మీద నాలుగు రుద్దులకే పదునెక్కేది అదే. 440సితో చెయ్యి లాగేస్తుంది. కమాను కత్తి వెన్ను మీద సుత్తి దెబ్బల గుంటలు ఇప్పటికీ వేలికి తగులుతాయి. తుమ్మ పిడి నా చెమటకు బెల్లంపాకం రంగు తిరిగింది. దాచుకోవడానికి నా ఓటు దానికే.

కొనేముందు అలుగు, అంటే పిడి వదిలేసి కత్తి రేకు, కొలవండి. పొడవు 9 అంగుళాలు గానీ, వెడల్పు 2 అంగుళాలు గానీ దాటితే ఆయుధాల నిబంధనల గొడవ.